వారికి ఓపిక లేదట!

2025 జులైలో జమైకా దేశపు కింగ్‌స్టన్ నగరంలో, సబీనా పార్కు మైదానంలో, వెస్టిండీస్ జట్టు ఆస్ట్రేలియా మీద ఒక టెస్టు ఇన్నింగ్స్‌లో 27 పరుగులకే కుప్పకూలింది. టెస్టు చరిత్రలో దీనికంటె తక్కువ స్కోరు ఒక్కటే ఉంది, 1955లో న్యూజిలాండ్ చేసిన 26. ఆ వార్త తెలిసిన ఉదయం, నడకలో నాకు తోడువచ్చే మిత్రులొకరు, "చూశారా పంతులుగారూ! ఇరవై ఓవర్ల ఆటకు మరిగిన చేతులు. నాలుగు సిక్సర్లు కొట్టమంటే కొడతారు గాని, అయిదు రోజులు నిలబడే ఓపిక వారికెక్కడిది? వారి స్వభావమే అంత" అన్నారు. నేను "అంతేనేమో లెండి" అని ఊరుకున్నాను. పెద్దవారితో నడిదారిలో వాదం దేనికని! ఇంటికి వచ్చాక మాత్రం మనసు ఊరుకోలేదు. ఆ మాటలో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి కాలానికి సంబంధించినది, రెండవది మనుషులకు సంబంధించినది. రెండవదే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

తెలుగు పండితునికి క్రికెట్ గొడవ ఏమిటని అడిగేవారు ఉంటారు. 1975 జనవరిలో మద్రాసులో టెస్టు జరుగుతున్నప్పుడు మా ఊరి గ్రంథాలయంలోని రేడియో చుట్టూ మూగిన కుర్రాళ్ళలో నేనొకణ్ణి. ఇంగ్లీషు వ్యాఖ్యానం సగం అర్థమయ్యేది, మిగతా సగం ఊహించుకునేవాళ్ళం. 190 పరుగులకు భారతజట్టు ఆలౌటయితే అందులో 97 గుండప్ప విశ్వనాథ్‌వి, అతడు అజేయుడు. అవతలివైపు ఆండీ రాబర్ట్స్ ఏడు వికెట్లు పడగొట్టాడు. మేము జపించినది విశ్వనాథ్ పేరే అయినా రాత్రి కలలోకి వచ్చినవాడు రాబర్ట్స్. ఆ ఆట మనమే గెలిచాం, సిరీస్ వారు గెలిచారు. నాకు వెస్టిండీస్ అంటే ఆనాటినుండి ఒక విధమైన భయభక్తులు. భయం తగ్గిపోయి చాలా కాలమయింది, భక్తి మిగిలింది.

ముందు కాలం సంగతి చూద్దాం. 1980 తొలినాళ్ళలో న్యూజిలాండ్‌లో ఓడిన తరువాత 1995లో స్వదేశంలో ఆస్ట్రేలియా చేతిలో ఓడేదాకా, పదిహేనేళ్ళపాటు, వెస్టిండీస్ ఒక్క టెస్టు సిరీస్ కూడా కోల్పోలేదు. 1984లో ఇంగ్లండు గడ్డమీద అయిదింటికి అయిదూ గెలిచారు. పతనం మొదలయినది 1995లో. అటుపిమ్మట పాకిస్తాన్‌లో మూడింటికి మూడు, దక్షిణాఫ్రికాలో అయిదింటికి అయిదు ఓడిపోయారు. 1999లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 51కి, 2000లో లార్డ్స్‌లో 54కి, 2004లో ఇదే సబీనా పార్కులో 47కి ఆలౌటయ్యారు. ఇరవై ఓవర్ల ఆట ఇంగ్లండు కౌంటీలలో పుట్టినదే 2003లో. మన ఐ.పి.ఎల్. 2008లో వచ్చింది. 2004లో 47కి పడిపోయిన ఆ బ్యాట్స్‌మన్లను ఏ పొట్టి ఆట చెడగొట్టిందంటారు? ఇంటి పునాదిలో నెమ్ము చేరి పదేళ్ళయ్యాక వచ్చిన అద్దెవాణ్ణి పట్టుకొని, గోడ నీవల్లనే కూలిందంటే ఎలా?

పొట్టి ఆట ఏ కీడూ చేయలేదని నేననను. కీరన్ పొలార్డ్ పదిహేనేళ్ళు అంతర్జాతీయ క్రికెట్ ఆడి ఒక్క టెస్టు కూడా ఆడకుండానే విరమించాడు. ఆండ్రీ రస్సెల్ ఆడినది ఒకే ఒక్కటి, 2010లో గాల్‌లో. నికొలస్ పూరన్ 2025లో, ముప్పై నిండకముందే, టెస్టు అన్నది ఎరగకుండానే దేశపు జట్టుకు సెలవు చెప్పాడు. ఇవి నష్టాలే. అయితే వారు లేని లోటు వేరు, వారివల్ల లోటు రావడం వేరు.

ఇక స్వభావం మాట. వెస్టిండియన్లు ఆటపాటల మనుషులు, ఆలోచన తక్కువ, ఆవేశం ఎక్కువ అనే మాట చాలా పాతది. అందుకే "కాలిప్సో క్రికెటర్లు" అని ఒక ముద్దుపేరు పెట్టారు. ముద్దుపేరే గాని దానిలో ముల్లు ఉంది. ఆలోచించడం వేరెవరో చేయాలి, వీరు ఆడి అలరించాలి అన్న భావం ఆ ముల్లు. 1928లో తొలి టెస్టు ఆడిన జట్టుకు, ఒక సిరీస్ మొత్తానికి నల్లజాతి నాయకుణ్ణి నియమించడానికి 1960 దాకా పట్టింది. ఫ్రాంక్ వొరెల్‌కు ఆ పదవి రావాలని తన పత్రికలో ఉద్యమం నడిపినవాడు ట్రినిడాడ్ రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్. (ఆయన కూడా కొంతకాలం బడిపంతులే. 1963లో ఆయన రాసిన 'బియాండ్ ఎ బౌండరీ' క్రికెట్ పుస్తకమా, చరిత్ర పుస్తకమా అన్నది నేటికీ తేలలేదు.) వొరెల్ నాయకత్వంలో ఆడిన మొదటి టెస్టే, 1960 డిసెంబరులో బ్రిస్బేన్‌లో, టెస్టు చరిత్రలో తొలి టై అయింది.

తరువాత క్లైవ్ లాయిడ్ నలుగురు ఫాస్ట్ బౌలర్లతో, గడియారంలా క్రమం తప్పక, గంటలకొద్దీ ఒకేచోట బంతి వేయించి గెలుస్తూంటే, అదే నోళ్ళు "ఇది మరీ నిర్దయ, ఇందులో వినోదం లేదు" అన్నాయి. 1991లో ఓవరుకు ఒక్కో బ్యాట్స్‌మన్‌కు ఒక్క బౌన్సరే వేయాలని నిబంధన పెట్టారు. నవ్వితే ఆలోచన లేదన్నారు, ఆలోచిస్తే నవ్వు లేదన్నారు. ఓపిక లేదని ఎవరిని గురించి అనాలి? 519 వికెట్లకోసం పదిహేడేళ్ళు పరుగెత్తిన కోర్ట్నీ వాల్ష్‌నా? 164 టెస్టులు ఆడి 11,867 పరుగులు చేసిన శివనారాయణ్ చందర్‌పాల్‌నా? అతడు క్రీజులో బెయిల్‌తో గీత గీసుకొని, పక్కకు తిరిగి నిలబడితే, అవతలి జట్టు బౌలర్లకు పొద్దు గుంకేది కాదు.

అసలు తమాషా ఏమంటే, వారు పొట్టి ఆటలో గెలిచిన గెలుపులే వారి ఓపికకు సాక్ష్యాలు. 2012 టి20 ప్రపంచకప్ ఫైనల్, కొలంబో. పది ఓవర్లకు వెస్టిండీస్ స్కోరు రెండు వికెట్లకు 32. ఇరవై ఓవర్ల ఆటలో సగం అయిపోయింది! మర్లాన్ శామ్యూల్స్ తొందరపడలేదు. పిచ్ ఎలా ఉందో గ్రహించి, ఆ తరువాత మలింగను ఏరుకొని కొట్టి, 56 బంతుల్లో 78 చేశాడు. మొత్తం 137. శ్రీలంక 101కే ఆలౌటయింది.

2016 ఏప్రిల్ 3, కలకత్తా. అందరూ చెప్పుకొనేది చివరి ఓవరు. 19 పరుగులు కావాలి, కార్లోస్ బ్రాత్‌వైట్ వరసగా నాలుగు బంతులకు నాలుగు సిక్సర్లు. మరునాడు సోమవారం నా తరగతిలో ఒక పిల్లవాడు డస్టరుతో ఆ నాలుగూ కొట్టి చూపించాడు. (డస్టరు కిటికీ దాటిపోయింది. దండించవలసినవాణ్ణి, నవ్వాను.) కాని ఆ రాత్రి 11 పరుగులకు మూడు వికెట్లు పోయినప్పుడు నిలబడి చివరిదాకా 85 చేసినవాడు మళ్ళీ శామ్యూల్సే. అతడు నిలవకపోతే బ్రాత్‌వైట్‌కు ఓవరెక్కడిది? మొదట బంతి పట్టి నాలుగు ఓవర్లలో 16 పరుగులకే రెండు వికెట్లు తీసిన శామ్యూల్ బద్రీ ట్రినిడాడ్‌లో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసినవాడు. అదే రోజు అదే మైదానంలో వారి మహిళల జట్టు కూడా ఆస్ట్రేలియాను ఓడించి కప్పు గెలిచింది. ఆ పోటీకి ముందు ఒక ఆంగ్ల వ్యాఖ్యాత ఈ జట్టుకు బుద్ధి కొరత అని రాసి, పిదప క్షమాపణ చెప్పుకున్నాడు. నాయకుడు డారెన్ సామీ ఆ మాటను, జట్టు దుస్తులకు సైతం తాము పడిన అవస్థను, కప్పు చేతికి వచ్చిన రాత్రే లోకమంతా వినేలా చెప్పాడు. గెలిచిన రాత్రి ఎవరైనా దుస్తుల గురించి మాట్లాడతారా? ఎంత మంట ఉంటే మాట్లాడతారు?

మేము చదువుకున్న రోజుల్లో శ్రీనాథుని చాటువులు చెప్పి గురువుగారు ఒక మాట అనేవారు: ఇవి విని ఆయనను చాటుకవి అనుకోకండి, నైషధం రాసిన చెయ్యి ఇది అని. క్రిస్ గేల్ సంగతీ అటువంటిదే. 2013లో బెంగుళూరులో 66 బంతులకు 175 చేసిన ఆ చేతులే, 2005లో దక్షిణాఫ్రికా మీద 317, 2010లో శ్రీలంక మీద 333 చేశాయి. టెస్టుల్లో రెండు త్రిశతకాలు ప్రపంచంలో ఎందరికున్నాయి! టెస్టు క్రికెట్ అంతరించినా తనకంత విచారం లేదని 2009లో అన్నవాడు, మరుసటి ఏడే ఆ 333 చేశాడు. మాట ఒకటి, చెయ్యి ఒకటి. మనలో చాలామందిమి అంతే.

మరి లోపం ఎక్కడ? నా ఉద్యోగకాలంలో ఒక సంగతి చూశాను. పరీక్షలలో బిట్లకు మార్కులు పెరిగినకొద్దీ పిల్లలు వ్యాసం రాయడం మానుకున్నారు. "ఈ తరానికి వ్యాసం రాదు" అని స్టాఫ్ రూములో నిట్టూర్చేవాళ్ళం. మార్కులు ఎక్కడ పెట్టారో చూసుకున్నవాడు పిల్లవాడు, అక్కడ పెట్టినవాళ్ళం మనం. కరీబియన్ కథ కూడా ఇదే. వెస్టిండీస్ అనే దేశం లేదు. బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్, గయానా, మరికొన్ని చిన్న దీవులు, ఎవరి జెండా వారిది, ఎవరి ఖజానా వారిది. క్రికెట్ కోసం మాత్రం ఒక్కటవుతారు. ఒక దీవి జట్టు మరొక దీవికి వెళ్ళి నాలుగు రోజుల ఆట ఆడాలంటే విమానం ఎక్కాలి. బార్బడోస్ జనాభా మూడు లక్షల లోపు. మన మధ్యరకం పట్నమంత! అక్కడి టీవీ హక్కులను ఎవరు ఎంతకు కొంటారు? టెస్టు సిరీస్ ఆదాయం ఆతిథ్యమిచ్చిన దేశానిదే గాని, వచ్చి ఆడిన జట్టుకు అందులో వాటా లేదు. ఐ.సి.సి. ఆదాయంలో మనకు నూటికి 38 పైచిలుకు, వారికి అయిదు లోపు అని 2023లో పత్రికలు రాశాయి. చేతిలో ఇంత తక్కువ పెట్టుకొని అయిదు రోజుల ఆటకు కుర్రాళ్ళను పదేళ్ళపాటు పెంచడమెలా? ఇరవై ఓవర్ల ఆటలో ఒక్క కుర్రవాడు ఒక్క సాయంత్రంలో ఇల్లు నిలబెట్టుకోవచ్చు. 2008లో అమెరికా ధనికుడు అలెన్ స్టాన్‌ఫర్డ్ ఆంటిగాలో రెండు కోట్ల డాలర్ల పందెం పెట్టి, కరీబియన్ ఆటగాళ్ళ చేత ఇంగ్లండును పది వికెట్ల తేడాతో ఓడింపజేశాడు. ఆ డబ్బు మోసపు సొమ్మని తరువాత తేలింది, 2012లో అతనికి 110 ఏళ్ళ శిక్ష పడింది. ఆ రాత్రి ఆడినవారు మాత్రం తమ ఆటకు వెల ఎంతో తెలుసుకున్నారు. ఆ తెలివిని మళ్ళీ ఎవరు మరిపించగలరు?

బోర్డు, ఆటగాళ్ళ తగవు మా గుమ్మం దాకా వచ్చింది. 2014 అక్టోబరు 14న విశాఖలో వారితో వన్‌డే ఉండగా, మా మేనల్లుడు నాకూ టికెట్టు కొన్నాడు. 12వ తేదీన హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరినే పెకలించివేసింది. ఆట ఎవరికి గుర్తు? నీళ్ళకోసం, కొవ్వొత్తులకోసం తిరుగుతున్నాం. కరెంటు వచ్చాక తెలిసింది, జీతాల ఒప్పందం మీద తగవుపడి వెస్టిండీస్ జట్టు ధర్మశాల ఆట ముగియగానే పర్యటన మానుకొని వెళ్ళిపోయిందని. అప్పుడు నాకు కోపం వచ్చింది. పనిచేసేవాడు పని మధ్యలో వదలిపోవడం నా వృత్తిధర్మానికి సరిపడదు. కాని తుపానులో ఇల్లు పోయినవాడు అద్దె గురించి తగవులాడితే తప్పుపట్టగలమా?

ఆ టికెట్టు బాకీ 2018లో తీరింది. ఆ అక్టోబరులో రాజ్‌కోట్‌లోను, హైదరాబాదు ఉప్పల్‌లోను రెండు టెస్టులూ మూడేసి రోజుల్లో ఓడిపోయి విశాఖ వచ్చారు. అది యాభై ఓవర్ల ఆట, పొట్టీ కాదు, పొడుగూ కాదు. కోహ్లీ 157 చేసి పదివేలు దాటితే మైదానం ఊగిపోయింది. మనవాళ్ళు 321. షై హోప్ అనే బక్కపలచని బార్బడోస్ కుర్రవాడు ఒక కొస పట్టుకొని, ఆఖరి బంతికి అయిదు కావలసి ఉండగా నాలుగు కొట్టి ఆట టై చేశాడు. 123, అజేయుడు. మా మేనల్లుడు తల పట్టుకున్నాడు, నేను చప్పట్లు కొట్టాను. పక్కవారు నన్ను దేశద్రోహిని చూసినట్టు చూశారు.

ఈ హోప్ 2017లో హెడింగ్లీ టెస్టులో రెండు ఇన్నింగ్స్‌లలోనూ శతకాలు చేసినవాడు. ఆపైన ఎనిమిదేళ్ళు టెస్టు శతకం లేదు, మధ్యలో జట్టులోనే లేడు. 2025 అక్టోబరులో ఢిల్లీలో ఫాలో ఆన్ ఆడుతూ 103 చేశాడు, జాన్ కాంబెల్ 115. ఓడారు, కాని అయిదవ రోజు ఉదయం దాకా లాగారు. డిసెంబరులో క్రైస్ట్‌చర్చ్‌లో న్యూజిలాండ్ 531 లక్ష్యం పెడితే, హోప్ 140, జస్టిన్ గ్రీవ్స్ 202 అజేయంగా, బౌలర్ కీమార్ రోచ్ 233 బంతులు ఎదుర్కొని 58 అజేయంగా, ఆరు వికెట్లకు 457 దగ్గర ఆట ముగించారు. నాలుగవ ఇన్నింగ్స్‌లో 160 ఓవర్లకు పైగా నిలబడ్డారు! సబీనా పార్కు 27కు అప్పటికి అయిదు నెలలు. (తరువాతి రెండు టెస్టులూ ఓడిపోయారు. దాచడం దేనికి?)

మరునాటి నడకలో ఈ సంగతి మిత్రులకు చెప్పాను. ఆయన ఆసక్తిగా విని, "అయితే ఎవరు గెలిచారు?" అన్నారు.

"ఎవరూ గెలవలేదండీ. డ్రా."

"అదేమిటి! అంతసేపు ఆడీ?" అని ఆగిపోయారాయన. ఆ మలుపులో రావిచెట్టు కింద ఒక సిమెంటు బల్ల ఉంది. కూర్చోబెట్టి, మొదటి రోజునుండి మొదలుపెట్టాను.