విశ్వవిద్యాలయములలో కూటసాక్ష్యము

న్యాయస్థానమున ప్రమాణము చేసి యబద్ధమాడిన సాక్షికి శిక్ష కలదు. వానివలన చెడువారు ఒక వాదియో, ప్రతివాదియో. శాస్త్రజ్ఞుడు ప్రకటించు పరిశోధనపత్రమును సాక్ష్యమే. అది కల్లయైనచో చెడువారు తోడి పండితులు, రేపటి విద్యార్థులు, ఆ విద్యకై పన్నులిచ్చు ప్రజలు. ఈ కూటసాక్షులకు మన విద్యాపీఠములు విధించు శిక్ష యెట్టిదో పాఠకులు చిత్తగింతురుగాక.

చండీగఢమునందలి పంజాబు విశ్వవిద్యాలయమున విశ్వజిత్ గుప్త యను శిలాజశాస్త్రాచార్యుడుండెను. హిమాలయములలో దొరికినవని చెప్పి, రమారమి పాతికేండ్లపాటు శిలాజములను గూర్చి వందలకొలది పత్రములు ప్రకటించెను. 1989లో ఆస్ట్రేలియా పండితుడు జాన్ టాలెంటు 'నేచర్' పత్రికలో గుట్టు బయలుపెట్టెను. హిమాలయములవని చూపిన వానిలో కొన్ని మొరాకో దేశమునుండి వచ్చి అంగళ్లలో అమ్ముడుపోవునట్టివట! మరికొన్ని న్యూయార్కు ప్రాంతమువట! గుప్త కాదనెను, కాని విశ్వవిద్యాలయపు విచారణలో దోషము రుజువయ్యెను. ఆయనను నమ్మి సహరచయితలైన వారి పేళ్లకును మచ్చ తగిలెను. హిమాలయ శిలల చరిత్రయే కలుషితమయ్యెను. అయినను ఆ యాచార్యుడు 2002లో పదవీవిరమణ చేయువరకు కొలువులోనే యుండెను!

పొరుగింటి ముచ్చటయని తెలుగువారు నవ్వుకొనవలదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్రాచార్యుడొకడు 2004 మొదలు 2007 వరకు 25 పత్రికలలో వెలువరించిన వ్యాసములలో 70కి పైబడినవి పరులనుండి అపహరించినవో, కల్పించినవో యని 2008లో లోకమునకు వెల్లడియయ్యెను. మన యింటి దొంగను విదేశములందలి శాస్త్రజ్ఞులు చూపవలసివచ్చెను. ఇంతకన్న తలవంపు వేరేమి కలదు?

ఈ తెగులునకు మూలమెచ్చటనున్నది? కుప్ప కొలిచి కూలి యిచ్చుచోట తాలు కలుపువాడు పుట్టక మానడు. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, పత్రము ప్రకటించినగాని డాక్టరు పట్టమునకు సిద్ధాంతగ్రంథము నర్పింపరాదని నియమించెను. 2010లో అధ్యాపకుల పదోన్నతికి మార్కుల లెక్క వచ్చెను. వెంటనే రుసుము పుచ్చుకొని యేదియైనను అచ్చువేయు పత్రికలు పుట్టగొడుగులవలె లేచెను. 2018లో ఆ సంఘమే 4,305 పత్రికలను తన జాబితానుండి తొలగించెను. 2022లో ఆ పత్రనియమమును ఎత్తివేసెను. మేలే, కాని చాలదు.

ఇట్టివి బయటపెట్టిన దేశగౌరవమునకు భంగమని మందలించు మిత్రులు కొందరు కలరు. వారికి మా ప్రత్యుత్తరమొక్కటే: పుండును పట్టుబట్టతో కప్పిన మానదు. భంగము దొంగను పట్టుటలో లేదు, దాచుటలో నున్నది. 1986లో ఢిల్లీలో శాస్త్రజ్ఞులే శాస్త్రీయవిలువల రక్షణకై సంఘము స్థాపించుకొనిరి. దానికి శిక్షించు నధికారము మాత్రము లేదు.

తన వ్యాజ్యమున తానే న్యాయాధిపతియగుట ధర్మము కాదు. కావున విచారణ వెలుపలివారిచే జరుగవలెను. నివేదిక ప్రజలయెదుట నుంచవలెను. దోషము రుజువైన యాచార్యుడు పీఠము దిగవలెను. నిజము చెప్పిన విద్యార్థికి రక్షణ యుండవలెను. పత్రములను లెక్కించుట మాని చదువవలెను. ఒక్క పత్రమునకై దొంగిలించిన విద్యార్థిని వెళ్లగొట్టి, డెబ్బది దొంగిలించిన గురువును గద్దెపై నుంచు విద్యాపీఠము ఎవరికి నీతి బోధింపగలదు?