టోపీ కింది లెక్కలు

2025 శరత్కాలంలో కొన్నాళ్ళు కాలిఫోర్నియాలో, శాంటా క్లారాలో, అమ్మాయి వద్ద ఉన్నాను. ఫార్టీ నైనర్స్ జట్టు ఆటస్థలం ఆ ఊళ్ళోనే ఉన్నది. జట్టు పేరు మాత్రం శాన్ ఫ్రాన్సిస్కోది. ఆటను ఫుట్‌బాల్ అంటారే గాని, బంతిని పాదంతో తన్నడం బహు అరుదు! ఈ వయసులో ఆ ఆట నాకు అంతుబట్టలేదు. దాని వెనుకనున్న జమాఖర్చులు మాత్రం నన్ను వదలలేదు.

అల్లుడు "శాలరీ క్యాప్" అన్నప్పుడు తెలుగు పండితుడికి ముందుగా స్ఫురించేది టోపీయే. టోపీ వేయడమంటే మన భాషలో ఏమిటో చదువరులకు వేరే చెప్పాలా?

నియమం మంచిదే, కాదనను. 1994లో తెచ్చారు. ఒక్కొక్క జట్టు ఆటగాళ్ళ వేతనాలు ఏడాదికి 3.46 కోట్ల డాలర్లు దాటరాదన్నారు. 2025 నాటికి ఆ హద్దు 27.92 కోట్లయింది. 32 జట్లకూ అదే హద్దు. అందుచేతనే లక్ష జనాభా ఉన్న గ్రీన్ బే, న్యూయార్క్ వంటి మహానగరంతో సమానంగా నిలువగలుగుతున్నది. జట్టుకూ జట్టుకూ నడుమ ఇది ధర్మమే. నా పేచీ అంతా జట్టు లోపలి పంపకంతో.

బ్రాక్ పర్డీ సంగతి చూడండి. 2022లో కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకొన్నప్పుడు ఇతడు 262వ వాడు, అంటే అందరికన్నా చివరివాడు. ముందున్నవారు గాయపడడంతో అవకాశం వచ్చింది. 2024 ఫిబ్రవరిలో జట్టును సూపర్ బౌల్ దాకా తీసుకుపోయాడు. బంతి విసిరే ఆ నాయకస్థానంలో ఉండి అతడు అందుకొన్నది ఏటా పదిలక్షల డాలర్ల లోపు! అదే స్థానంలో ఇతరులకు నాలుగైదు కోట్లు. యాజమాన్యం పెంచుదామన్నా వీలు లేదు, మూడు ఋతువులు ఆడేదాకా తొలి ఒప్పందాన్ని తిరగరాయరాదని నియమం. ఆ మిగులుతోనే పేరుమోసిన ఆటగాళ్ళను చుట్టూ నిలుపుకొన్నారు. దీనిని నిర్వాహకుల చాతుర్యమని అల్లుడు పొగిడాడు. అందులో సగం చాతుర్యమైతే, తక్కిన సగం ఆ పిల్లవాడి చెమట అన్నాను. "మామయ్యగారూ, ఆట మీకు తెలియదు" అన్నాడు. నిజమే! కాని జీతం రాళ్ళతో ఇల్లు నడిపినవాణ్ణి, ఈ లెక్క తెలుసు.

2025 మే నెలలో అతనికి ఐదేళ్ళకు 26.5 కోట్ల ఒప్పందం దక్కింది. ఆ వేళ వస్తుందని తెలిసి యాజమాన్యం ముందే సర్దుకొన్నది. ఆ వసంతంలోనే డీబో సామ్యూల్‌ను వాషింగ్టన్‌కు ఇచ్చివేశారు. ప్రతిగా పుచ్చుకొన్నది ఐదవ విడతలో ఒక కొత్తవాణ్ణి ఎంచుకొనే హక్కు మాత్రమే. హుఫాంగా, గ్రీన్‌లా డెన్వర్‌కు వెళ్ళారు. 2017 నుంచీ ఉన్న కైల్ యూజెక్‌ను తొలగించి, కొద్దిరోజులకే కొత్త ఒప్పందంతో మళ్ళీ పిలిచారు. పసివాడికి తక్కువ ఇవ్వడం నియమం; మహానాయకుడికి ఎక్కువ ఇవ్వడం అవసరం. నడుమ నలిగేది ముప్ఫైకి దగ్గరపడిన మధ్యతరగతి ఆటగాడు.

ఇక రెండవ విద్య, అప్పును రేపటికి నెట్టడం. ఒప్పందం నాడు చేతికిచ్చే బోనస్ పూర్తిగా ఈనాటి ఖర్చే అయినా, పద్దులో ఐదేళ్ళ వరకు పంచి రాసుకోవచ్చు. ఆటగాణ్ణి నడుమ వదులుకొంటే రాయని భాగమంతా మీద పడుతుంది. 2022లో రసెల్ విల్సన్‌తో భారీ ఒప్పందం చేసుకొన్న డెన్వర్, 2024లో అతణ్ణి విడిచిపెట్టి, రెండేళ్ళ లెక్కలో 8.5 కోట్లు మోసింది. ఆ ఏడు మనిషి ఆడింది పిట్స్‌బర్గ్‌లో, పద్దు డెన్వర్‌లో! అప్పు చేసి పప్పు కూడు తిన్న నిర్వాహకుడు తీర్చేనాటికి ఆ కుర్చీలో ఉంటాడన్న పూచీ లేదు.

నా మట్టుకు, కొత్తవాడు ఒక్క ఋతువు ప్రధానస్థానంలో ఆడితే ఒప్పందం తిరగరాసుకొనే హక్కు ఇవ్వాలి. అప్పుడు నిర్వాహకులకు చౌకబేరం కొద్దిగా తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఏ ఏటి బోనస్ ఆ ఏటి పద్దులోనే పడాలి.

అల్లుడు ఒప్పుకోలేదు. ఏడేళ్ళ మనవడు మా వాదం వినిపించుకోనేలేదు. డీబో సామ్యూల్ పేరున్న ఎర్రచొక్కాయే వేసుకొని టీవీ ముందు కూర్చున్నాడు. వాళ్ళమ్మ మార్చుకోమంటే వినలేదు.