నులిపురుగులు: మాత్ర వేశారు సరే.. మట్టి సంగతేంటి?

ఏటా రెండుసార్లు, సాధారణంగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న స్కూళ్లు, అంగన్‌వాడీల్లో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు వేస్తారు. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ కార్యక్రమం ఇది. 1 నుంచి 19 ఏళ్ల వాళ్లందరికీ ఉచితం. అయితే లేబర్ క్యాంపులు, ఇటుక బట్టీలు ఉన్న మేడ్చల్, శామీర్‌పేట లాంటి శివారు ప్రాంతాల్లో మాత్ర ఒక్కటే సరిపోతుందా?

మాత్ర ఏం చేస్తుంది? ఏం చేయదు?

కడుపులో ఉన్న పురుగుల్ని మాత్ర చంపుతుంది. మళ్లీ రాకుండా మాత్రం ఆపలేదు. ఒక్క ఆడ ఏలికపాము రోజుకు 2 లక్షల గుడ్ల వరకు పెడుతుంది. బహిరంగ మలవిసర్జనతో ఆ గుడ్లు మట్టిలో కలుస్తాయి. అక్కడి నుంచి చేతులు, గోళ్లు, కడగని కూరగాయల ద్వారా మళ్లీ కడుపులోకే చేరతాయి. కొంకి పురుగు దారి వేరు. దాని లార్వా చెప్పుల్లేని కాళ్ల చర్మం గుండానే లోపలికి దూరుతుంది. పేగుల్లో చేరి రక్తం పీలుస్తుంది.

తెలంగాణలో 5 ఏళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అంతకుముందు సర్వేలో ఇది 60.7 శాతమే. దీనికి తిండి లోపం సహా చాలా కారణాలున్నాయి. పురుగులు వాటిలో ఒకటి.

శామీర్‌పేట పక్కనే ఉన్న జీనోమ్ వ్యాలీలో ప్రపంచానికి వ్యాక్సిన్లు తయారవుతున్నాయి. కానీ మనుషులకు ఈ పురుగులు సోకకుండా వాడే వ్యాక్సిన్ ఇప్పటికీ లేదు. ఉన్నది మాత్ర, మరుగుదొడ్డి, చెప్పులు, సబ్బు మాత్రమే.

బట్టీ పిల్లల లెక్క వేరు

హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు చలికాలం మొదట్లో వస్తాయి, వానలకు ముందు వెళ్లిపోతాయి. అంటే ఆగస్టు విడత నాటికి వాళ్లు ఇక్కడ ఉండరు. ఇక్కడ వాళ్లకు దొరికేది ఫిబ్రవరి విడత ఒక్కటే. స్కూల్‌లో పేరు లేకపోయినా దగ్గర్లోని అంగన్‌వాడీలో మాత్ర వేయాలన్నది నిబంధన. ఆ విషయం తల్లిదండ్రులకు వాళ్ల భాషలో ఎవరైనా చెబితేనే పిల్లలు వస్తారు. ఇక నిర్మాణ స్థలాల్లో మరుగుదొడ్లు ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టమే చెప్పింది. అవి లేని చోట మాత్ర వేసిన బిడ్డ మళ్లీ అదే మట్టిలో ఆడుకుంటుంది.

ఏడాది లోపు పసికందులకు?

వీళ్లకు ఈ కార్యక్రమంలో మాత్ర లేదు. శుభ్రతే రక్షణ. పాకే వయసు బిడ్డను ఒట్టి నేల మీద వదలకుండా చాప వేయాలి. గోళ్లు కత్తిరించాలి. తల్లి అన్నం పెట్టే ముందు, బిడ్డ మలం శుభ్రం చేశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ మలాన్ని బయట పారేయకుండా మరుగుదొడ్లోనే వేయాలి. కాళ్ల మీద, పిరుదుల మీద పాము మెలికల్లా ఎర్రటి దురద గీత కనిపిస్తే పసుపు, పౌడర్ రాసి ఊరుకోవద్దు. అది కుక్కలు, పిల్లుల నుంచి మట్టిలోకి చేరిన పురుగు లార్వా కావొచ్చు. డాక్టర్‌కు చూపించాల్సిందే.

మాత్ర వేసే రోజు ఇవి గుర్తుంచుకోండి

1 నుంచి 2 ఏళ్ల పిల్లలకు సగం మాత్ర, పొడి చేసి నీళ్లలో కలిపి ఇస్తారు. 2 ఏళ్లు దాటితే 400 మిల్లీగ్రాముల పూర్తి మాత్ర. మూడేళ్ల లోపు వాళ్లకు దాన్నీ పొడి చేయాలి, పెద్దవాళ్లు నమిలి మింగాలి. జ్వరం, జబ్బు ఉన్న పిల్లలకు ఆ రోజు వేయరు. కోలుకున్నాక, కొన్ని రోజుల తర్వాత జరిగే మలి విడతలో వేస్తారు. వేశాక కొందరికి వాంతులు, కడుపునొప్పి రావొచ్చు. పురుగులు ఎక్కువ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ, సాధారణంగా కాసేపటికే తగ్గుతుంది. తగ్గకపోతే ఆశా కార్యకర్తకు చెప్పాలి.

ప్రతి విడత తర్వాత ఎన్ని మాత్రలు వేశారో అధికారులు లెక్క చెబుతారు. ఎన్ని క్యాంపుల్లో మరుగుదొడ్లు పనిచేస్తున్నాయో కూడా అదే రోజు చెబితే, వచ్చే విడతకు పురుగులు తగ్గుతాయా లేదా అన్నది జనానికే తెలిసిపోతుంది.