ఎర్రగుడి బండల మీద ఆదివారం

చిన్నపిల్లలున్న కర్నూలు ఇళ్లకు నేను చెప్పే ఆదివారపు చోటు పత్తికొండ–గుత్తి దారిలోని ఎర్రగుడి. అక్కడ 2,200 ఏళ్ల నాటి అశోకుడి శాసనాలున్నాయి. ఒకదాంట్లో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు, చేను దున్నే ఎద్దు మళ్లినట్టు సాగుతాయి. అప్పుడప్పుడే అఆలు దిద్దే పిల్లకు ఇంతకన్నా మంచి ఆట ఏముంది! మనుషులకూ పశువులకూ దారుల వెంట చెట్లు నాటించానని, బావులు తవ్వించానని కూడా ఆ రాజు ఇక్కడే రాయించాడు. ఎండలు మండే మన సీమలో చంకన బిడ్డతో వచ్చే తల్లికి ఈనాటికీ కావలసినవి అవే, నీడా నీళ్లూ. ఇలాంటి ప్రతి చోటా ప్రభుత్వం ముందు నాలుగు వేపచెట్లు పెంచాలి, ఒక కుళాయి పెట్టాలి. అందాకా సద్దికట్టుకుని, నీళ్లు తీసుకుని, పొద్దు పొడవకముందే బయల్దేరండి.