ఖర్చు యెవరిది? రాబడి యెవరిది?

ప్రజల ఆరోగ్యం కోసం అమెరికా పెట్టినంత ఖర్చు ప్రపంచంలో మరే దేశమూ పెట్టడం లేదని మన విద్యావంతులలో కొందరు తరచు అంటూ వుంటారు. పెట్టుబడిదారీ వ్యవస్థ మనిషి ప్రాణానికి యెంత విలువ కడుతున్నదో చూడండని వారి తాత్పర్యం. అంకె అబద్ధం కాదు. 2023లో ఆ దేశపు ఆరోగ్య వ్యయం 4.9 లక్షల కోట్ల డాలర్లు, జాతీయోత్పత్తిలో 17.6 శాతం, తలకు 14,570 డాలర్లు. ఆ అంకెను నేను వొప్పుకుంటాను. దానికి వారు చెబుతున్న అర్థాన్ని మాత్రం వొప్పుకోలేను.

ఖర్చే వైద్యమయితే అది ఆయుర్దాయంలో కనిపించాలి గదా! జపాను తలకు అందులో సగం కూడా ఖర్చు పెట్టదు. అయినా అక్కడి సగటు ఆయుర్దాయం దాదాపు 84 యేళ్లు. 2023లో అమెరికాది 78.4. పుట్టిన ప్రతి వెయ్యిమందిలో యేడాది నిండకుండా కన్నుమూసే శిశువులు జపానులో ఇద్దరికి లోపు. అమెరికాలో, 2022 లెక్క ప్రకారం, 5.6.

దీనికి సమర్థకుల వద్ద వొక జవాబు వున్నది. తుపాకులూ, రోడ్డు ప్రమాదాలూ, మత్తుమందులూ ఆయుష్షు తీస్తున్నవి గాని తప్పు వైద్యానిది కాదంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ మత్తుమందుల విలయం 1990ల చివర మొదలయినది వైద్యుల మందుచీటీల మీదనే. ఆక్సీకాంటిన్ మాత్రలు అమ్మిన పర్‌డ్యూ కంపెనీ 2020లో న్యాయస్థానం యెదుట నేరం వొప్పుకున్నది. ఆ మాత్రల ఖరీదు కూడా "ఆరోగ్య వ్యయం" పద్దులోనే చేరింది! రోగాన్ని తెచ్చిన డబ్బూ, రోగాన్ని కుదిర్చిన డబ్బూ వొకే మొత్తంలో కలిసిపోయే లెక్క ఇది.

పైగా, బిల్లు అంతగా యెందుకు పెరిగిందో తుపాకులు చెప్పలేవు. అమెరికా ప్రజలు జపాను, జర్మనీ ప్రజలకంటె తక్కువ సార్లే వైద్యుని దగ్గరకు పోతారు. జనాభా నిష్పత్తిలో ఆస్పత్రి పడకలూ అక్కడ తక్కువే. యెక్కువగా వున్నది ధర. ఇన్సులిన్ కనుగొన్న టొరాంటో పరిశోధకులు 1923లో తమ పేటెంటు హక్కును తలా వొక డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. నూరేళ్ల తర్వాత, 2023లో కంపెనీలు తగ్గించేదాకా, అమెరికాలో పేరుమోసిన రకాల ఇన్సులిన్ సీసా జాబితా ధర 270 డాలర్లు దాటి వున్నది. ఇక 2017 లెక్కలతో హిమ్మెల్‌స్టైన్, ఊల్‌హాండ్లర్ అనే వైద్యులు చేసిన పరిశోధన ప్రకారం, అక్కడ వైద్యానికి పెట్టే ప్రతి నూరు డాలర్లలో 34 బిల్లుల రాతకోతలకూ, బీమా తగాదాలకూ, యాజమాన్యానికీ పోతున్నవి. ప్రభుత్వ బీమా వున్న కెనడాలో అది 17. చిట్టా పుస్తకంలో రోగి ఖర్చు అని వున్న చోట, అవతలి పుటలో కంపెనీ రాబడి అని వుంటుంది.

"తలకు 14,570" అంటారు. ఆ తల యెవరిది? అదే 2023లో యే బీమా లేనివారు రెండున్నర కోట్లకు పైన. లక్ష సజీవ జననాలకు నల్లజాతి తల్లుల మరణాలు 50.3, తెల్లజాతి తల్లులవి 14.5. సగటు ఈ అగాధాన్ని పూడ్చదు, కప్పుతుంది.

ఆ పద్దులోకి యెక్కని ఖర్చు కూడా వొకటి వున్నది. 1965 వలస చట్టం తర్వాత గుంటూరు, విశాఖ ప్రభుత్వ వైద్య కళాశాలలలో చదివిన మన వైద్యులెందరో అమెరికా ఆస్పత్రులకు పోయారు. వారి చదువుకు డబ్బు పెట్టినది ఇక్కడి రైతూ, కూలీ. ఆ ధనిక దేశానికి ఈ పేదవాడు ఇచ్చిన దానం యే గణాంకంలోనూ లేదు.

ఇదంతా విధిలిఖితం కాదు. 1945లో ట్రూమన్ జాతీయ ఆరోగ్య బీమా ప్రతిపాదించగా, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ "సోషలిస్టు వైద్యం" వచ్చిపడుతున్నదని గగ్గోలు పెట్టి దానిని సాగనివ్వలేదు. యుద్ధంలో చితికిపోయిన బ్రిటన్ 1948లో అందరికీ ఉచిత వైద్యం నెలకొల్పింది. అమెరికాలో 1965లో వృద్ధులకూ, పేదలలో కొందరికీ ప్రభుత్వ బీమా దక్కింది. మిగిలిన జనాన్ని బజారుకు వదిలారు.

విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ నా మనవి వొక్కటే. అంకెలకు బెదరకండి, అంకెలను శత్రువుకు వదలకండి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయిన నాటినుండి ప్రైవేటు ఆస్పత్రులకు చెల్లించే డబ్బు మన దగ్గర కూడా ఆరోగ్య వ్యయంగానే లెక్కకు వస్తున్నది. ఆ పద్దు చదివేటప్పుడు, యెవరి జేబులోంచి పోయింది, యెవరి పెట్టెలో పడింది, మధ్యలో రోగికి దక్కినదెంత అని అడగండి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే వుండండి.