నిఘా ఎవరి మీద?

తాపీ నది సముద్రంలో కలిసే చోట, సూరత్ పక్కనున్న హజీరాలో దేశ భద్రతతో ముడిపడ్డ పరిశ్రమలు నిజంగానే ఉన్నాయి. సైన్యానికి కె-9 వజ్ర శతఘ్నులు తయారుచేసిన ఎల్ అండ్ టీ కర్మాగారం అక్కడిదే. అణు విద్యుత్ కేంద్రాలకు అవసరమైన భారజలం తయారయ్యే ప్లాంటూ అక్కడే ఉంది. ఉత్తరాదికి సహజవాయువు తీసుకెళ్లే పెద్ద పైపులైను అక్కడే మొదలవుతుంది. ఇలాంటి చోట గట్టి కాపలా ఉండి తీరాలి. కానీ తన పడవ తిరిగే సముద్రపు పాయను ఎందుకు పూడుస్తున్నారు, మడచెట్లను ఎవరు నరికారు అని ఆ తీరంలోనే ఓ మత్స్యకారుడు అడిగితే దాన్ని దేశ భద్రత ఖాతాలో వేయడానికి వీల్లేదు. శతఘ్ని రహస్యం దేశానిది. అక్కడి ఓడరేవు లాభనష్టాలు దాని యజమానివి. ఈ రెంటినీ ఒకటిగా చూపించి, ప్రశ్నించేవారిపై నిఘా పెట్టే అలవాటుకు స్వస్తి చెప్పాలి.

హజీరా మత్స్యకారుల సమితి ఏ కుట్రా చేయలేదు, కోర్టుకు వెళ్లింది. పుణెలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ ధర్మాసనం 2016 జనవరిలో ఆ వాదన ఆలకించి, అదానీ హజీరా ఓడరేవు విస్తరణకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. పర్యావరణ పునరుద్ధరణకు 25 కోట్ల రూపాయలు కట్టాలని ఆదేశించింది. ఆ తీర్పుపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఎవరు గెలిచారన్నది అటుంచితే, ఈ వివాదమంతా చట్టం చూపిన దారిలో, అందరి కళ్లెదుట నడిచింది. గుజరాత్‌కే చెందిన పర్యావరణ సురక్షా సమితి వేసిన వ్యాజ్యంలో 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఇంకా పెద్దది. వ్యర్థజలాల శుద్ధి వ్యవస్థ పనిచేయని పరిశ్రమలను నోటీసిచ్చి మూసేయాలని అది దేశమంతటికీ వర్తించేలా చెప్పింది. ఈ దేశ నదులను కాపాడే ఉత్తర్వు తెచ్చినవారిని ఏ లెక్కన దేశానికి ముప్పు అనగలం?

ఆ లెక్క ఎలా వేస్తారో 2014 జూన్‌లో బయటపడ్డ ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక చూపించింది. స్వచ్ఛంద సంస్థల ఆందోళనల వల్ల దేశ స్థూల ఉత్పత్తి వృద్ధి ఏటా రెండు నుంచి మూడు శాతం దెబ్బతింటోందని అది తేల్చింది. బొగ్గు, అణు విద్యుత్, జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించేవారంతా ఆ జాబితాకెక్కారు. సుమారు ఏడు నెలలకే దాని పర్యవసానం కనిపించింది. 2015 జనవరి 11న గ్రీన్‌పీస్ కార్యకర్త ప్రియా పిళ్లైని ఢిల్లీ విమానాశ్రయంలో ఆపేశారు. మధ్యప్రదేశ్‌లోని మహాన్ అడవిలో బొగ్గు గని గురించి బ్రిటిష్ ఎంపీలకు చెప్పడానికి ఆమె లండన్ బయల్దేరారు. ఆ గనిలో భాగస్వామి అయిన ఎస్సార్ గ్రూపుదే అప్పట్లో హజీరా ఉక్కు కర్మాగారం కూడా. చిత్రమేమిటంటే, మహాన్‌తో సహా 214 బొగ్గు గనుల కేటాయింపులను సుప్రీంకోర్టు అప్పటికి మూడు నెలలకు పైగా ముందే కొట్టేసింది. లేని కేటాయింపును వ్యతిరేకించడం జాతి ప్రయోజనాలకు భంగమని ప్రభుత్వం వాదించిందన్నమాట! ఢిల్లీ హైకోర్టు ఆ మార్చిలోనే ఆమెపై జారీచేసిన లుకౌట్ సర్క్యులర్‌ను రద్దు చేసింది. ప్రభుత్వ విధానంతో విభేదించడం నేరం కాదని గుర్తుచేసింది.

అయినా పాఠం ఒంటబట్టలేదు. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాపై మంత్రికి ఈమెయిళ్లు పంపించినందుకు 2020లో ఢిల్లీ పోలీసులు ఓ యువజన వెబ్‌సైటుపై ఉగ్రవాద నిరోధక చట్టం కింద నోటీసిచ్చి, తర్వాత పొరపాటైందని వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది రైతు ఆందోళనకు సంబంధించిన ఓ టూల్‌కిట్ పత్రాన్ని సాకుగా చూపి, బెంగళూరులో పర్యావరణ కార్యకర్త దిశా రవిని రాజద్రోహం కేసులో అరెస్టు చేశారు. పది రోజులకు బెయిలిస్తూ న్యాయమూర్తి, సాక్ష్యం అరకొరగా ఉందని తేల్చారు.

విదేశీ సొమ్ముతో మన అభివృద్ధిని అడ్డుకునేవారు ఉండవచ్చు కదా అన్నది ప్రభుత్వ పక్షం వాదన. దాన్ని తోసిపుచ్చనక్కర్లేదు. విదేశీ విరాళాల లెక్క చూడటానికి వేరే చట్టం ఉంది. రక్షణ కర్మాగారంలో చొరబడితే శిక్షించడానికి అధికార రహస్యాల చట్టం ఉంది. నేరం జరిగిందనుకుంటే ఆధారాలు చూపి కేసు పెట్టాలి. కేసు పెట్టేంత ఆధారం లేనప్పుడు ఫోను వినడం దర్యాప్తు అనిపించుకోదు, వేధింపే అవుతుంది.

అసలు ఆ ఫోను వినడానికి అనుమతిచ్చేదెవరు? హోంశాఖ కార్యదర్శి. దాన్ని సమీక్షించేదెవరు? మరికొందరు కార్యదర్శులు. 1996లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఈ ఏర్పాటును తాత్కాలికంగా సూచిస్తే, 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చాక కూడా అదే నడుస్తోంది. సమీక్షా కమిటీ రెండు నెలలకోసారి కూర్చుని 15 వేల నుంచి 18 వేల ఉత్తర్వులు చూడాల్సి వస్తోందని 2018లో డేటా రక్షణపై జస్టిస్ శ్రీకృష్ణ కమిటీయే ఎత్తిచూపింది. దీన్ని సమీక్ష అని ఎవరూ అనలేరు. పెగసస్ గూఢచారి సాఫ్ట్‌వేర్ వ్యవహారంలో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టులో జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం, దేశ భద్రత అన్న మాట ఎత్తగానే కోర్టులు నోరు మూసుకోవని తేల్చింది. ఆ కోర్టు నియమించిన కమిటీకే ప్రభుత్వం సహకరించలేదంటే మామూలు పౌరుడి గతేమిటి?

ఇదంతా గుజరాత్ గొడవలే అని తెలుగువారు ఊరుకోవడానికి లేదు. భావనగర్ జిల్లా మీఠీ విర్దీ రైతులు వద్దన్న అమెరికా రియాక్టర్లను 2016లో మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకు మార్చారు. అదే జిల్లాలోని సోంపేటలో బీల (చిత్తడి) భూములను కాపాడుకోబోయిన జనంపై 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అక్కడ జనం వద్దన్న థర్మల్ కేంద్రం పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ సరిగ్గా అదే రోజున రద్దు చేసింది. ఇక మావోయిస్టుల ఆచూకీ కోసం పెట్టిన తెలంగాణ ప్రత్యేక నిఘా విభాగం (ఎస్‌ఐబీ) యంత్రాంగాన్ని రాజకీయ ప్రత్యర్థులపైకి మళ్లించారన్న ఆరోపణలతో 2024లో కేసు నమోదై, పోలీసు అధికారులు అరెస్టయ్యారు. నిజానిజాలు న్యాయస్థానం తేలుస్తుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, అడిగేవాడు లేని నిఘా గీత దాటుతుందని అనుమానించడానికి ఆ కేసు ఒక్కటి చాలు.

చేయాల్సింది స్పష్టంగానే ఉంది. పౌరుడి ఫోను వినాలన్నా, ఈమెయిలు చదవాలన్నా ముందుగా న్యాయమూర్తి అనుమతి తప్పనిసరి చేస్తూ పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. అత్యవసరమైతే కొద్ది రోజుల్లో ఆ అనుమతి తీసుకోవాలి. నిఘా ముగిశాక, నేరం తేలకపోతే, ఆ సంగతి బాధితుడికి తెలపాలి. ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడటం, ట్రైబ్యునల్‌కు వెళ్లడం, ప్రాజెక్టును వ్యతిరేకించడం నిఘాకు కారణాలు కాబోవని చట్టంలోనే రాయాలి. పార్లమెంటు కదిలేదాకా రెండు తెలుగు రాష్ట్రాలు చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ఏడాదిలో తమ హోంశాఖలు ఎన్ని ట్యాపింగ్ ఉత్తర్వులిచ్చాయో, సమీక్షా కమిటీ ఎన్నింటిని తిరస్కరించిందో శాసనసభ ముందు పెట్టవచ్చు. ఆ రెండు అంకెలు బయటపెడితే ఏ రహస్యమూ బట్టబయలు కాదు. వచ్చే సమావేశాల్లోనే ఆ పని మొదలుపెట్టాలి.