మోత వేరు, నాదం వేరు

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని సామెత. రోలుకి ఒకవైపే దెబ్బలు, పాపం మద్దెలకి రెండువైపులా! నెల్లూరు సముద్రతీరాన ఉన్న మద్దెలకి మూడో దెబ్బ కూడా ఉంది. అది గాలి దెబ్బ.

మైపాడు, కృష్ణపట్నం వైపు ఊళ్ళలో కార్తిక మాసం భజనలకు మద్దెల దించేసరికి ఈశాన్య ఋతుపవనం వచ్చి కూర్చుంటుంది. నెల్లూరు సీమకి వాన దండిగా పడేది ఆ రోజుల్లోనే కదా! చర్మం తేమ పీల్చి సడలుతుంది, శ్రుతి దిగుతుంది. రోహిణీకార్తెలో పడమటి గాలి కొడితే అదే చర్మం బిగిసి శ్రుతి పైకి పోతుంది. డప్పు వాయించేవారు మంట సెగ చూపి బిగువు తెచ్చుకుంటారు. మృదంగానికి ఆ వైద్యం చేస్తే నడుమనున్న నల్లని కరణి బీటలువారుతుంది. అందుకని మూత చుట్టూ ఉన్న జడ మీద రాతితోనో కొయ్యతోనో పైనుంచి తట్టి శ్రుతి పెంచుతారు; కింది నుంచి తట్టి తగ్గిస్తారు.

శ్రుతి కలిసినంత మాత్రాన మోత పోతుందా? పోదు. బిగించిన ఏ చర్మాన్ని కొట్టినా ఒక్క స్వరం పలకదు. అసలు స్వరానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు ఇలా పొంతనలేని స్వరాలు వెంట బయలుదేరతాయి. ఇంటికి పిలిచిన చుట్టం వెంట పిలవని వాళ్ళు పదిమంది దిగినట్లన్నమాట! మనవాళ్ళు వారిని వెళ్ళగొట్టలేదు, వరుస కలిపారు. అన్నం ముద్దలో కిట్టం రాతిపొడి నూరి, పొర మీద పొరగా కుడిమూత నడుమ వేసి రుద్దారు. అక్కడ బరువు పెరిగేసరికి ఆ స్వరాలు రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లుగా సర్దుకుని అసలు స్వరానికి తోడయ్యాయి. చిన్నతనం విశాఖపట్నంలో గడిపిన సి. వి. రామన్ గారు ఈ సంగతిని 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో లోకానికి చాటారు.

ఎడమమూత సంగతి మన వంటింటిది. రవ్వ నీళ్ళతో తడిపి ముద్దచేసి నడుమ అంటిస్తారు. (డబ్బాలో ఉప్మారవ్వ తరిగిపోతూంటే అమ్మగారు ఎవరిని అనుమానించాలో వేరే చెప్పాలా?) ముద్ద చాలకపోతే మూత డొల్లగా మోగుతుంది, ఎక్కువైతే మూగపోతుంది. ఎండితే చెయ్యి తడిచేసి అద్దాలి. వాయించడం అయ్యాక తీసి తుడవాలి.

ఇప్పటి కుర్రవాళ్ళు డ్రమ్ సెట్ కావాలంటున్నారు. 1957 ప్రాంతంలో అమెరికాలో బజారుకొచ్చిన ప్లాస్టిక్ మూతలకి తేమ భయం లేదు, నిజమే. కాని వాటికి కరణి లేదు, కనుక కంగుమనే మోత ఎక్కువ. ఇంట్లోవాళ్ళు వెంటనే దుప్పటి కప్పుతారు. అది తలకిందుల వైద్యం. ముందు మరలు చూడాలి. ఒక మర తిప్పితే తరువాత దాని ఎదుటి మర తిప్పాలి. ప్రతి మర దగ్గరా అంచుకి అంగుళం లోపలగా వేలితో తట్టి, అన్నిచోట్లా ఒకే స్వరం పలికేదాకా సరిచెయ్యాలి. సగం మోత అక్కడే అణుగుతుంది. మిగిలినదానికి అంచు దగ్గర చిన్న గుడ్డముక్క మడిచి అంటిస్తే సరి. పెద్ద డ్రమ్ములో మాత్రం మూతకి తగిలీ తగలనట్లు ఒక దిండు పెట్టవచ్చు. ఉప్పుగాలికి మరలు తుప్పు పడతాయి గనుక అప్పుడప్పుడు ఒక చుక్క నూనె వెయ్యాలి.

ఇంత పట్టింపు దేనికంటారా? నేర్చుకునే పిల్లవాడికి చెవే గురువు. డొల్ల మోతలో తన దెబ్బ సరిగా పడిందో లేదో వాడికి తెలియదు; దుప్పటి కింద అసలే తెలియదు. వాద్యాన్ని సరిచెయ్యకుండా వాడికి లయ లేదనేస్తే, ఏడాది తిరక్కుండా మద్దెల అటకెక్కుతుంది.

కనుక ఈ కార్తికంలో పక్కింటి మద్దెల మోత భరించలేక పోట్లాటకి బయలుదేరేవారు, వెళుతూ వెళుతూ పిడికెడు రవ్వ కూడా పట్టుకెళితే మేలు.